వకీలు ఉండగా రాయడానికి ఇంకో లాయరు: మా భాగం దావాలో నా అనుభవం

మా భూమి దావా తిరుపతి కోర్టులో 2019 నుంచి నడుస్తా ఉంది. నేను వాదిని, మా అన్నలిద్దరూ ప్రతివాదులు. 2025 జనవరి ఆఖరుకు సాక్ష్యాలన్నీ అయిపోయి కేసు వాదనలకు పడింది. ఆ దశలో ఒక సీనియర్ లాయరమ్మను అదనంగా పెట్టుకున్నాం. ఆమె కోర్టుకు రాదు. రికార్డంతా చదివి, చట్టం వెతికి, రాతపూర్వక వాదన తయారుచేసి మా వకీలు చేతికి ఇస్తుంది. ఇట్లా రాసే పని మాత్రమే చేసే లాయర్లు ఉంటారని నాకు అంతకుముందు తెలియదు. తెలిసినప్పటి నుంచి మా కొర్లగుంటలో, చుట్టాల్లో, కోర్టు వరండాలో పరిచయమైన ఆడవాళ్లు అడుగుతా ఉన్నారు: ఎంత అయింది, ఆమె ఏం చేసింది, మీ వకీలు ఏమీ అనుకోలేదా అని. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

భూమి చంద్రగిరి మండలంలో ఉంది. 5 ఎకరాల 40 సెంట్లు. సగం మడి, సగం మామిడి తోపు. మా తాత నుంచి నాయనకు వచ్చింది. అమ్మ 1998లో, నాయన 2002లో పోయినారు. నాయన వీలునామా ఏదీ రాయలేదు. 1999లోనే నాయనా తామిద్దరూ పెద్దమనుషుల ముందర మూడు భాగాలు చేసుకున్నామని, పారీకత్తు (పంపకం కాయితం) రాసుకున్నామని అన్నలు అంటారు. ఆ కాయితం రిజిస్టరు కాలేదు. నాకు పెళ్లప్పుడే పెట్టాల్సింది పెట్టేసినామని, మహా అయితే నాయన భాగంలో మూడో వంతు వస్తుందని లోక్ అదాలత్‌లో చెప్పించినారు. అంటే 60 సెంట్లు. నేను దావాలో అడిగింది మొత్తంలో మూడో వంతు, 1 ఎకరా 80 సెంట్లు.

ఫిబ్రవరి 12న మా వకీలు గారు ఆఫీసుకు రమ్మన్నారు. ఆయన మంచి వకీలు. క్రాస్‌లో (అంటే అవతలి సాక్షిని ప్రశ్నించేటప్పుడు) నిలబడితే సాక్షి నోట నిజం రాక తప్పదు, అది నేను కళ్లారా చూసినాను. కానీ దినమంతా కోర్టులో ఉంటారు, సాయంత్రమైతే ఆఫీసు నిండా జనం. ఆ రోజు చెప్పినారు, "అమ్మా, వాదన నేను చెప్తాను, దానికి ఢోకా లేదు. అయితే ఈ కేసులో నోటితో చెప్పి వదిలేస్తే చాలదు, రాసి ఇయ్యాల. రాయాలంటే ఆరేండ్ల రికార్డు మళ్లీ మొదట్నుంచి కూర్చుని చదవాల. నాకా తీరిక లేదు. ఒక మేడం ఉన్నారు, హైదరాబాదులో హైకోర్టులో చాలా ఏండ్లు చేసినారు. ఇప్పుడు ఇక్కడే ఉండి మా బోటి వాళ్లకు రాసిపెడతారు. ఖర్చు మీది. వద్దంటే నేనే నాలుగు పేజీలు రాసి ఇస్తాను."

నిజం చెప్తున్నాను, ఆ మాట విన్నప్పుడు నాకు మనసు కష్టమైంది. ఆరేండ్లుగా జాకెట్లు కుట్టి ఫీజు కట్టుకుంటా వచ్చినదాన్ని. ఇప్పుడు చివర్లో ఇంకొకరికి కట్టాలంటే, ఇన్నాళ్లూ కట్టింది దేనికి అనిపించింది. మా అబ్బాయి ఇంటికొచ్చి, "వాళ్లూ వాళ్లూ పంచుకుంటారేమో మా" అన్నాడు. మరుసటి రోజు నేనే ఫోన్ చేసి సూటిగా అడిగినాను, "సార్, ఆమెకిచ్చే దాంట్లో మీకేమన్నా ఉంటుందా?" అని. ఆయన కోప్పడలేదు. "మీరు నేరుగా ఆమెకే ఇయ్యండమ్మా, రసీదు తీసుకోండి, నా చేతి మీదుగా రూపాయి పోదు" అన్నారు. ఆ మాటతో ఒప్పుకున్నాను. మీరెవరైనా ఇట్లాంటి పనికి దిగితే ఈ ప్రశ్న మొదటి రోజే అడగండి. అడిగితే మర్యాద పోదు.

ఇంకో సంగతి. ఇట్లాంటి లాయర్లు బోర్డు పెట్టుకోరు, పేపర్లో వేయించుకోరు. లాయర్లు ప్రకటనలు చేసుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం. అందుకే మనకు మనం వెతికితే దొరకరు. కేసు నడిపే వకీలు ద్వారానో, ఆయన గుమస్తా ద్వారానో తెలియాల్సిందే. మేడం అయితే వకాలత్తు వేసిన వకీలు ముందుగా ఫోన్ చేస్తే తప్ప ఎవరినీ ఇంటికి రానీయరు. మన వకీలుకు తెలియకుండా, ఆయన మీద అనుమానంతో పోయేవాళ్లకు ఆమె రాసిపెట్టరు.

ఫిబ్రవరి 17 సాయంత్రం పద్మావతిపురంలో ఆమె ఇంటికి పోయినాను. మేడ మీద ఒకే గది, గోడల పొడుగునా లా రిపోర్టులు (తీర్పుల పుస్తకాలు). నేను కథ మొదలుపెట్టబోతే చేయి అడ్డం పెట్టి ఆపినారు. "ముందు పేర్లు చెప్పండి. మీ అన్నల పేర్లు, వాళ్ల వకీలు పేరు, భూమి ఏ ఊర్లో ఉందో." అన్నీ రాసుకున్నారు. అవతలి పక్షానికి ఎప్పుడైనా ఏదైనా రాసి ఉంటే ఈ పని తీసుకోకూడదట. ఆ రోజు ఇంకేం వినలేదు. కాఫీ ఇచ్చి పంపించేసినారు. అంత దూరం పోయి ఉత్త చేతుల్తో వచ్చినట్టనిపించింది గానీ, మరుసటి పొద్దున ఫోన్ చేసి "అడ్డం లేదు, తీసుకుంటాను" అన్నాక, ఆ పద్ధతి మీదే నమ్మకం కుదిరింది.

ఫీజు మాట కూడా ఫోన్లోనే అయిపోయింది. రికార్డు చదివి ఒక నోటు (తన అభిప్రాయం రాసిన కాయితం) ఇవ్వడానికి 8,000. ఆ నోటు చూసుకుని మేం వద్దనుకుంటే అక్కడితో ఆగిపోవచ్చు. ముందుకు పోదామంటే రాతపూర్వక వాదనకు 30,000, సగం ముందు, సగం ఇచ్చిన రోజు. అవతలి వాళ్ల వాదనకు జవాబు రాయాల్సి వస్తే 5,000. జీఎస్టీ ఉంటుందేమోనని మా అబ్బాయి అడిగించినాడు. వ్యాపారం కాని మామూలు మనిషికి ఒక లాయరు విడిగా చేసే పనికి ఉండదన్నారు. నేను ఒక మాట అడిగినాను, "మేడం, ఇప్పుడు చేతిలో తక్కువ ఉంది. గెలిస్తే భూమిలో ఇన్ని సెంట్లని అనుకుందామా?" అని. మా వైపు పల్లెల్లో అట్లా మాట్లాడుకునేవాళ్లు ఉన్నారు. ఆమె గొంతు మారింది. "అది చేయకూడదమ్మా. గెలుపు మీద ఫీజు పెట్టుకోవడం, ఆస్తిలో భాగం తీసుకోవడం మాకు నిషేధం. ఎవరైనా ఒప్పుకుంటే ఆ వకీలు దగ్గర ఉండొద్దు." డబ్బు రెండు విడతలుగా ఇవ్వడానికి మాత్రం ఒప్పుకున్నారు.

ఒక పేజీ ఒప్పందం రాసి ఇచ్చినారు. ఆమె ఏం చేస్తారు, ఏం చేయరు, ఏ తేదీకి. కోర్టుకు రారు, వకాలత్తు వేయరు, కాయితం మీద ఆమె పేరు ఉండదు. రాసింది వాడుకోవడం, మార్చడం, సంతకం పెట్టడం అంతా మా వకీలు ఇష్టం. మేం చెప్పినవి బయటకు పోవు. ఒకసారి మార్పులు ఆ ఫీజులోనే. నాకు తెలుగులో ఒక ప్రతి, వకీలు గారికి ఇంగ్లీషులో ఒకటి.

తర్వాత కాయితాల పని. ఆమె అడిగిన జాబితా చూస్తే భయమేసింది: దావా, జవాబు దావా, కోర్టు ఖరారు చేసిన ఇష్యూలు (తేల్చాల్సిన ప్రశ్నలు), ప్రతి సాక్షి చీఫ్ (తను ముందుగా చెప్పిన సాక్ష్యం), క్రాస్, మా ఎ-సిరీస్ కాయితాలు, వాళ్ల బి-సిరీస్ కాయితాలు, మధ్యలో వేసిన అర్జీలు, వాటి మీద ఆర్డర్లు, వాయిదా వాయిదాకూ కోర్టు రాసుకున్న డాకెట్. మా వకీలు గారి కట్టలో చాలా వరకు ఉన్నాయి. జిరాక్సు తీయించినాం. అయితే కట్ట మీద ఆధారపడొద్దని, సాక్ష్యాలకు సర్టిఫైడ్ కాపీలు కావాల్సిందేనని ఆమె పట్టుబట్టినారు. ఫిబ్రవరి 19న గుమస్తా కాపీ అప్లికేషన్ వేసినాడు. స్టాంపులు ఇన్ని కావాలని పిలిచేదాకా కొన్ని రోజులు, కట్టినాక మళ్లీ కొన్ని రోజులు. బోర్డు మీద నెంబరు చూసుకుంటా ఉండాల. చేతికొచ్చింది మార్చి 3న. వాయిదా దగ్గర పడుతుంటే ఈ రెండు వారాలు నాకు నిద్ర లేదు.

కానీ ఆ పట్టుదల వల్లే మేలు జరిగింది. మా పెద్దన్న క్రాస్‌లో రెండు పేజీలు మా వకీలు కట్టలో లేనే లేవు. ఎప్పుడో జిరాక్సులో జారిపోయినట్టుంది. సర్టిఫైడ్ కాపీలో ఉన్నాయి. తర్వాత వాదన అంతా నిలబడింది ఆ రెండు పేజీల మీదనే. మీ కేసు ఎంత చిన్నదైనా సరే, వాదనకు ముందు సాక్ష్యాల సర్టిఫైడ్ కాపీ తీసుకుని పేజీ నెంబర్లు సరిచూసుకోండి.

చదివే రోజుల్లో ఆమె నుంచి ఫోన్లు వచ్చేవి, ఎప్పుడూ రాత్రి ఎనిమిది తర్వాత. ఏ ప్రశ్న ఎందుకు అడుగుతున్నారో చెప్పేవాళ్లు కాదు. "మీ పెళ్లి ఏ సంవత్సరం?" 1991 అని చెప్పినాను. "దావాలో ఆ సంవత్సరం రాసి ఉంది, చూసినాను. మీ అన్నలు ఎప్పుడైనా కాదన్నారా?" లేదు. "పెళ్లికి ముందు మీరు ఎక్కడ ఉండేవాళ్లు?" ఊర్లోనే, నాయన దగ్గరే. "మీరు పుట్టిన సంవత్సరం?" 1968.

ఇంకో రాత్రి అడిగినారు, "భూమిలో పండింది మీకెప్పుడైనా ఇచ్చేవాళ్లా?"

ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయినాను. నాయన పోయినాక కూడా పెద్దన్న ప్రతి ఏడూ సంక్రాంతికి రెండు మూటల బియ్యం, వేసవిలో మామిడికాయలు, శెనక్కాయల కాలంలో ఒక బస్తా పంపేవాడు. తనే ఆటోలో వేసుకుని వచ్చేవాడు. "అమ్మణ్ణీ, తలుపు తీయి" అని బయట నుంచే కేక. మా పిల్లలకు ఆ కేక అంటే పండగ. 2016 సంక్రాంతి ఆఖరుది. 2017లో రోడ్డు పక్క భూములకు రేటు పెరిగింది, రాకపోకలు తగ్గినాయి. నేను పోయి అడిగితే, నీకిక్కడ ఏముందని వదిన అడిగింది. ఆ రోజు నుంచి అన్న మా గడప తొక్కలేదు.

ఇదంతా మేడంకు ఫోన్లో చెప్పినాను. ఆమె నిదానంగా విని అన్నారు, "ఇది చాలా ముఖ్యమమ్మా. క్రాస్‌లో మీ వకీలు గారు మీ అన్నను ఇదే అడిగినారు. ఆయన ఒప్పుకున్నారు, 2016 దాకా ఏటా బియ్యం, కాయలు పంపినామని. ఆ పేజీ నా ముందరే ఉంది." ముఖ్యమెందుకో ఆ రాత్రి తెలియలేదు. ఫోన్ పెట్టేసి చాలాసేపు ఏడ్చినాను. అన్న ప్రేమగా తెచ్చింది సాక్ష్యంగా మారడం నాకు మింగుడు పడలేదు, ఇప్పటికీ పడదు. పంపినాడు కాబట్టే ఒప్పుకున్నాడు, అబద్ధం చెప్పలేదు. అది కూడా నాకు గుర్తుంది.

మార్చి 11న నోటు ఇచ్చినారు. మా వకీలు గారి ఆఫీసులోనే ముగ్గురం కూర్చున్నాం. ఆమె నాకు అర్థమయ్యేట్టు తెలుగులో చెప్పినారు.

మా దావా మొదట్నుంచీ హిందూ వారసత్వ చట్టానికి 2005లో కేంద్రం చేసిన సవరణ మీద నడిచింది. కూతురికి కొడుకుతో సమానంగా ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కు ఇచ్చిన చట్టం అది, 2005 సెప్టెంబరు 9 నుంచి అమలు. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా వద్దా అని చాలా ఏండ్లు గొడవ నడిచింది. 2015లో ఒక తీర్పు ఉండాలంది, 2018లో ఇంకో తీర్పు వేరే దారి పట్టింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జిల బెంచి, తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని తేల్చేసింది. (ఆ ముగ్గురిలో ఒకరు, అబ్దుల్ నజీర్ గారు, 2023లో మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చినారు. మేడం చెప్పేదాకా నాకూ తెలియదు.) ఇంతవరకు మాకు మంచిదే. కానీ ఆ చట్టంలోనే ఒక మినహాయింపు ఉంది: 2004 డిసెంబరు 20కి ముందే జరిగిపోయిన పంపకాలను తిరగదోడకూడదు. అన్నలు పట్టుకున్నది దాన్నే. 1999లో పంచుకున్నామంటే సరిపోతుంది వాళ్లకు. నోటి పంపకాన్ని అంత సులభంగా నమ్మకూడదని అదే తీర్పు చెప్పింది గానీ, ప్రభుత్వ రికార్డుల ఊతం ఉంటే అరుదుగా ఒప్పుకోవచ్చని కూడా అంది. వాళ్ల దగ్గర పాసుపుస్తకాలు, అడంగల్ విడివిడిగా ఉన్నాయి. కోర్టు అవి చూసి నమ్మితే నాకు 60 సెంట్లే.

"కాబట్టి మనం 2005 దాకా ఆగాల్సిన పని లేదు" అన్నారు మేడం. 1986లో, ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా, ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టానికి తన సొంత సవరణ చేసుకుంది. సెక్షన్ 29-ఎ. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. ఆ తేదీకి పెళ్లి కాని ఆడబిడ్డకు కొడుకుతో సమానంగా, పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో భాగం. తమిళనాడు 1989లో, మహారాష్ట్ర, కర్ణాటక 1994లో ఇట్లాంటి చట్టం తెచ్చుకున్నాయి, కేంద్రం 2005లో తెచ్చింది. మన దగ్గర అప్పటికే ఇరవై ఏండ్లు గడిచింది. "1985లో మీకు పదిహేడేండ్లు. పెళ్లయింది 1991లో. అంటే 1999లో మీ నాయన, అన్నలు పంచుకోవడం నిజమే అయినా, అప్పటికే మీరు ఆ భూమిలో భాగస్తురాలు. మిమ్మల్ని పక్కన పెట్టి చేసుకున్న పంపకం మిమ్మల్ని కట్టివేయదు."

పెళ్లి సంవత్సరం రుజువు చేయాలి కదా అని మా వకీలు గారు అన్నారు. మా కాలంలో పెళ్లి రిజిస్టరు ఎవరు చేయించుకున్నారు? ఆమె ఆ జారిపోయిన రెండు పేజీలు తీసి బల్ల మీద పెట్టినారు. పెద్దన్న క్రాస్‌లో చెప్పిన మాట అక్కడుంది, "మా చెల్లెలి పెళ్లి 1991లో మా నాయన చేసినాడు" అని. అవతలి పక్షం ఒప్పుకున్నదాన్ని మళ్లీ రుజువు చేయనక్కర్లేదు. మా వకీలు గారు ఆ పేజీ చదువుకుని, "ఈ ప్రశ్న నేనే అడిగినానమ్మా, ఖర్చుల సంగతి రాబట్టడానికి. 29-ఎ సంగతి నాకు తట్టలేదు" అన్నారు. ఆ మాట అందరి ముందర అనగలిగిన మనిషి మీద నాకు గౌరవం పెరిగింది.

నాకైతే ఆ రోజు ఇంకో ఆలోచన వదల్లేదు. పదిహేడేండ్లప్పుడు చంద్రగిరిలో కుట్టు నేర్చుకోవడానికి పోయి వస్తా ఉండేదాన్ని. పెళ్లి పీటల మీద కూర్చునే నాటికే ఆ మడిలో, ఆ తోపులో నాకు భాగముంది. నాకు తెలియదు, అమ్మకు తెలియదు, నాయనకూ తెలిసి ఉండదు. తెలిసి ఉంటే ఆయన నాకు ఇచ్చి ఉండేవాడని నా నమ్మకం.

మేడం మంచి మాటలు మాత్రమే చెప్పలేదు. నోటులో ఒక పేజీ నిండా మా బలహీనతలే. అన్నిటికంటే పెద్దది కాలపరిమితి. ఉమ్మడి ఆస్తి నుంచి తనను తోసేశారని తెలిసిన రోజు నుంచి 12 ఏండ్ల లోపల దావా వేయాలి. 1999లో పంపకమైంది, నాకు అప్పుడే తెలుసు అని వాళ్లు నిలబెట్టగలిగితే, 2019 దావా ఆలస్యమైపోతుంది. ఆ బియ్యం మూటల ప్రశ్న ఎందుకో అప్పుడు అర్థమైంది. 2016 దాకా పంటలో భాగం ఇస్తా వచ్చినవాళ్లు, 1999లోనే నన్ను తోసేశామని ఎట్లా చెప్తారు? నన్ను కాదన్నది 2017లో, దావా వేసింది 2019లో.

మార్చి 20న డ్రాఫ్టు వచ్చింది. 16 పేజీలు. నేను 50 ఉంటుందనుకున్నాను, ఇచ్చిన డబ్బుకు తగ్గట్టు లావుగా. "జడ్జి గారు ఇంటికి తీసుకుపోయి ఒక కూర్చోవడంలో చదవాల" అన్నారు. ప్రతి వాక్యం పక్కన ఏ సాక్షి, ఏ పేజీ, ఏ కాయితం అని ఉంది. ఇష్యూకు ఒక శీర్షిక, దాని కింద నాలుగైదు పేరాలు. మా అబ్బాయి చదివి తెలుగులో చెప్తుంటే విన్నాను. విన్నాక నాకు పెద్ద వెలితి అనిపించింది. వదిన అన్న మాటలు లేవు. మా ఆయన పోయినప్పుడు అన్నలు ఒక్క పూట ఉండి పోయిన సంగతి లేదు. నా ఆరేండ్ల తిరుగుడు లేదు. మేడంకు ఫోన్ చేసి అవి చేర్చమని అడిగినాను. చాలా ఓపిగ్గా విన్నారు, మధ్యలో ఆపలేదు. విన్నాక చెప్పినారు, "ఇవన్నీ నిజమేనని నాకు తెలుసమ్మా. కానీ ఇవి రాస్తే 29-ఎ ఉన్న పేజీ మీద జడ్జి గారి చూపు నిలవదు." చేర్చలేదు. ఆ రోజు బాధపడినాను. మీకూ ఇట్లాగే జరుగుతుంది, ముందే తెలిసి ఉంటే మంచిది: మన గోడు ఆ కాయితంలో ఉండదు.

ఈ మధ్యలోనే మా తమ్ముడి వరసైన కుర్రాడొకడు ఫోన్లో ఏఐని అడిగి, మా కేసుకు సరిపోయే తీర్పులని ఒక షీటు తెచ్చి ఇచ్చినాడు. పేర్లు, సంవత్సరాలు, నెంబర్లు అన్నీ చక్కగా ఉన్నాయి. మేడంకు పంపినాను. సుప్రీంకోర్టు తీర్పులు ఉచితంగా చదువుకునే ఇ-ఎస్‌సీఆర్ అనే పోర్టల్ 2023లో వచ్చింది. అందులో, తన రిపోర్టుల్లో వెతికి, వాటిలో కొన్ని అసలు లేనే లేవని చెప్పినారు. అట్లాంటిది ఒక్కటి కోర్టులో పెట్టినా, మిగతా నిజమైన తీర్పుల మీద కూడా జడ్జి గారికి నమ్మకం పోతుందని అన్నారు. ఆమె డ్రాఫ్టులో ఉన్నవి ఏడో ఎనిమిదో తీర్పులు, అంతే. 29-ఎ మీద 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఎస్. సాయిరెడ్డి కేసు వాటిలో ముఖ్యం. ప్రతిదానికీ పూర్తి కాపీ జతచేసి, కావాల్సిన పేరా పక్కన గీత గీసి ఇచ్చినారు.

మా వకీలు గారు రెండు పేరాలు మార్చినారు, ఒక తీర్పు తీసేసినారు. ఈ కోర్టులో జడ్జి గారికి ఏది ఎట్లా చెప్పాలో ఆయనకు తెలుసు. మేడం కాదనలేదు. సంతకం ఆయనది, బాధ్యత ఆయనది.

మార్చి 28న, ఉగాదికి రెండు రోజుల ముందర, కోర్టు అనుమతితో దాఖలు చేసినాం. ఒక ప్రతి అదే సమయంలో అవతలి వకీలుకు ఇవ్వాలి. రాతపూర్వక వాదన వేసుకోవాలి, టైము ఇయ్యండి అని వాయిదా అడిగితే మామూలుగా ఇవ్వరు. చట్టంలోనే అట్లా ఉంది. అందుకే ఫిబ్రవరిలోనే మొదలుపెట్టడం మంచిదైంది. వాదనల తేదీ పడినాక మనిషిని వెతుక్కుంటే కుదిరేది కాదు.

నోటి వాదనలు ఏప్రిల్ 9న, 16న జరిగినాయి. మొదటి రోజు అవతలి వకీలు లేచి, 29-ఎ సంగతి దావాలో లేదు, ఇప్పుడు కొత్తగా తెస్తున్నారు, దీన్ని వినకూడదు అన్నారు. నా గుండె జారిపోయింది. ఆ సాయంత్రమే మేడంకు చెప్పినాం. రెండు రోజుల్లో మూడు పేజీల జవాబు వచ్చింది: దావాలో రాయాల్సింది జరిగిన సంగతులు, చట్టం కాదు. పెళ్లి 1991లో అన్న సంగతి దావాలో మొదట్నుంచీ ఉంది, అవతలి వాళ్లు ఒప్పుకున్నారు. చట్టం ఏమిటో చెప్పడానికి వాదనలే చోటు. 16న మా వకీలు గారు అది చేతిలో పట్టుకుని అరగంట మాట్లాడినారు. తీర్పు రిజర్వ్ అయింది, అంటే తర్వాత చెప్తామన్నారు.

ఆ తర్వాత వేసవి సెలవులు. ఇ-కోర్ట్స్ యాప్‌లో మా కేసుకిచ్చిన సీఎన్ఆర్ నెంబరు కొట్టి చూసుకోవడం తప్ప చేసేదేమీ లేదు. పెళ్లిళ్ల సీజను కాబట్టి కుట్టు పని బాగా ఉండింది, అదొక్కటే నన్ను నిలబెట్టింది.

జూన్ 13న తీర్పు చెప్పినారు. ప్రిలిమినరీ డిక్రీ (ఎవరికి ఎంత భాగమో తేల్చేది), నాకు మూడో వంతు. పారీకత్తు రిజిస్టరు కాలేదు కాబట్టి దాన్ని పంపకానికి రుజువుగా తీసుకోలేమన్నారు. ఒకవేళ 1999 పంపకం జరిగిందనుకున్నా, 1985 నుంచే వాదికి హక్కు ఉంది కాబట్టి అది ఆమెను కట్టివేయదన్నారు. పెద్దన్న క్రాస్‌లో చెప్పిన 1991 మాట తీర్పులో ఎత్తి రాసినారు. బియ్యం, మామిడికాయల సంగతి కూడా ఉంది, కాలపరిమితి దగ్గర. కోర్టు హాల్లో పెద్దన్న నాకు నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. నా వైపు చూడలేదు. నేను మాట్లాడదామనుకున్నాను, నోరు రాలేదు.

ఖర్చు చెప్తాను. మేడంకు చదివినందుకు 8,000, వాదనకు 30,000, జవాబుకు 5,000, మొత్తం 43,000. సర్టిఫైడ్ కాపీలు, జిరాక్సులు, స్పైరల్ బైండింగులు కలిపి ఇంకో మూడు వేలకు పైన. మా వకీలు గారి ఫీజు వేరే, అది ముందునుంచీ ఉన్నదే. నా సంపాదనకు ఇది చిన్న మొత్తం కాదు, చీటీ పాడుకున్నాను. 60 సెంట్లకూ 1 ఎకరా 80 సెంట్లకూ మధ్య తేడాతో పోల్చుకుంటే ఇవ్వదగ్గదే అని నా అభిప్రాయం. కానీ అన్ని కేసులకూ ఇది అక్కర్లేదు. సాక్ష్యం మీద మాత్రమే తేలిపోయే కేసుకు, అప్పు నోటు కేసుకు, ఇంత పెట్టి రాయించుకోవద్దని మేడమే మా పక్కింటామెకు చెప్పి పంపించేసినారు, రూపాయి తీసుకోకుండా. చట్టంలో చిక్కుముడి ఉండి, రికార్డు పెద్దదై ఉంటేనే ఆమెతో పని.

ఆగస్టులో అన్నలు అప్పీలు వేసినట్టు నోటీసు వచ్చింది. మళ్లీ పద్మావతిపురం పోయినాను. అప్పీలు మెమో చదివి, కొత్తగా చెప్పింది ఏమీ లేదని, పాత 16 పేజీలే చాలావరకు పనికొస్తాయని, ఈసారి సగం ఫీజు చాలని అన్నారు. భూమి కొలిచి హద్దులు వేయడానికి కమిషనర్‌ను నియమించమని ఫైనల్ డిక్రీ అర్జీ మా వకీలు గారు వేసినారు. అప్పీల్లో స్టే వస్తే అది ఆగుతుంది, రాకపోతే నడుస్తుంది. స్టే అర్జీకి కౌంటరు (జవాబు) మేడం రాస్తున్నారు.